తాగని రోజు కూడా వచ్చే కోపం

కూరలో ఉప్పు తగ్గింది. అన్నం కంచం ఎగిరి గోడకు తగిలింది. అడ్డం వచ్చిన తల్లిని నెట్టేశాడు. అరగంట తిరక్కుండానే అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో ఇలాంటి వాణ్ణి చూస్తే, "ముక్కు మీద కోపం, దానికితోడు మందు" అని సరిపెట్టేస్తారు.

మందు సంగతి ఈ నేలకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ మెట్టలోనే, కలిగిరి మండలం దూబగుంటలో, 1992లో ఆ ఊరి రోశమ్మతో కలిసి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. మత్తు మనిషి అదుపును వదులు చేస్తుంది, నిజమే. కానీ చుక్క ముట్టని రోజున కూడా కంచాలు ఎగిరే ఇళ్లున్నాయి. డాక్టరు ముందు అడిగి తెలుసుకోవాల్సింది ఆ రోజు గురించే.

ఎందుకంటే ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్ అనే జబ్బు ఒకటుంది. మత్తులో మాత్రమే వచ్చే కోపం దాని కిందకు రాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 ప్రమాణాల ప్రకారం, మూడు నెలలపాటు వారానికి సగటున రెండుసార్లు తిట్లు, రభస జరగాలి. లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తువులు పగలడమో, ఎవరికైనా దెబ్బలు తగలడమో ఉండాలి. కోపం కారణానికి మించి ఉండాలి, ముందే అనుకుని చేసింది కాకూడదు. పెళ్లాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి ఆలోచించి కొట్టేవాడికి ఈ జబ్బు పేరు తగిలిస్తే నేను ఒప్పుకోను. అది నేరం. జబ్బున్నవాడి దెబ్బయినా భరించాల్సిన పని ఆమెకు లేదు.

మెదడులో బాదంగింజంత అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగడుతుంది. కళ్లకు పైన, నుదుటి వెనక ఉన్న భాగం దాన్ని నిలవరిస్తుంది. ఈ జబ్బున్నవాళ్లకు కోపంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపి స్కాన్ తీస్తే అమిగ్డాలా ఎక్కువగా స్పందించింది, నిలవరించే భాగం తక్కువగా స్పందించింది.

ఇది ఒంటరిగా రావడం అరుదు. 2006లో వెలువడిన అమెరికా సర్వేలో ఈ జబ్బున్నవాళ్లలో 80 శాతానికి పైగా మందికి డిప్రెషన్, ఆందోళన, వ్యసనం లాంటి మరో సమస్య కూడా ఉంది. కోపం మొదలైన సగటు వయసు 14 ఏళ్లు. చాలామందిలో మిగతావి ఆ తర్వాతే వచ్చాయి. అంటే బడి ఈడు పిల్లాడి ఆవేశాన్ని అప్పుడే పట్టించుకోవాలి. వానల్లేని ఏడాది అప్పుల దిగులు కూడా కొందరు మగవాళ్లలో దిగులుగా కాక చిరాకుగా బయటపడొచ్చు.

కోపాన్ని ముందే గుర్తుపట్టి ఆగడం నేర్పే కౌన్సెలింగ్, ఫ్లూక్సెటిన్ లాంటి మందులు పనిచేస్తాయని పరీక్షల్లో తేలింది. మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. కోపం నెలకు ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఆ రోజు తాగాడా, రాత్రి నిద్రపోయాడా అన్నవి కాగితం మీద రాసిపెట్టుకుని చెబితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.