రేవు నీటిలో ఆమ్లజని

సముద్రం అపారమైనది, ఎంత మురికి కలిసినా దానికి లెక్క లేదని చాలామంది అనుకుంటారు. నడిసముద్రం విషయంలో ఈ మాట కొంతవరకు చెల్లవచ్చును గాని తీరపు నీటికి చెల్లదు. విశాఖపట్నం లోపలి రేవే ఇందుకు దృష్టాంతం.

1933లో ఓడలకు తెరచిన ఈ రేవు, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట, పూర్వం బురదనేలగా ఉన్న ప్రదేశంలో త్రవ్వబడింది. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనుండి సాగే సన్నని కాలువ ఒక్కటే దీనిని సముద్రంతో కలుపుతున్నది. తుపాను వేళ ఓడలకు ఇది మంచి ఆశ్రయం. అయితే అలలను ఆపే ఆ ఇరుకే నీటి మార్పిడికి కూడా అడ్డు. పోటు వేళ కొంత కొత్తనీరు లోనికి వస్తుంది, పాటు వేళ కొంత పాతనీరు బయటికి పోతుంది. మిగిలినది అక్కడే నిలిచి ఉంటుంది. పట్టణం పెరిగి, చుట్టూ కర్మాగారాలు వెలిసిన కొద్దీ వాటి మురుగు ఈ రేవులోకి చేరసాగింది.

చేపకు ఊపిరి నీటిలో కరిగిన ఆమ్లజనియే. 28 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 7.8 మిల్లీగ్రాముల ఆమ్లజని కరుగుతుంది. అదే వేడిమిలో సముద్రపు నీటిలో కరిగేది సుమారు 6.4 మాత్రమే. అంటే తీరపు నీటికి మొదటినుండీ నిలువ తక్కువ. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు ఆ కొద్దిపాటి నిలువను వాడివేస్తాయి. అది అయిపోగానే వేరొక రకం సూక్ష్మజీవులు విజృంభించి, లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాములుండే సల్ఫేటులోని ఆమ్లజనిని లాగుకొంటాయి. అప్పుడు పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడు. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన, అడుగున నల్లని బురద దాని గుర్తులు. చేపలకు అది విషం.

మురుగుతో బాటు నత్రజని, భాస్వరం కూడా వస్తాయి. ఎరువు వేసిన పొలంలో కలుపు పెరిగినట్లు, నీటిలో డయాటములనే సూక్ష్మమైన మొక్కలు విపరీతంగా పెరుగుతాయి. పగటి ఎండలో ఇవి ఆమ్లజనిని విడుస్తాయి; రాత్రి తామే పీల్చుకొంటాయి. కనుక మధ్యాహ్నం పరీక్షించిన నీరు ఆరోగ్యంగా కనిపించి, తెల్లవారుజామున అదే నీటిలో చేపలు తేలవచ్చును.

1970వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు పి. ఎన్. గణపతి, ఎ. వి. రామన్ ఈ రేవును పరిశోధించారు. స్కెలిటోనిమా అనే డయాటము ముమ్మరంగా పెరగడాన్నీ, మురికి చేరే చోట్ల కాపిటెల్లా అనే సన్నని పురుగునూ వారు గుర్తించారు. ఆమ్లజని కొరవడిన బురదలో ఇతర జీవులు చావగా ఈ పురుగు వేలకొలది పెరుగుతుంది. దానిని చూచి నీటి స్థితి చెప్పవచ్చును.

నష్టం ఎవరిది? టైగర్ రొయ్య సముద్రంలో గ్రుడ్లు పెడుతుంది. దాని పిల్లలు మాత్రం గెడ్డల ముఖద్వారాలకు, ఉప్పుటేరులకు చేరి పెరుగుతాయి. ఆ నీరు చెడితే బయటి సముద్రంలో వలకు చిక్కే రొయ్య తగ్గుతుంది. పెద్ద మరపడవ వాడు దూరం పోగలడు; చిన్న పడవ వాడికీ, బుట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్మే స్త్రీకీ ఆ అవకాశం లేదు.

శుద్ధికేంద్రంలో జరిగేది వింతేమీ కాదు. సూక్ష్మజీవులు రేవులో తినవలసిన దానిని, గాలి ఊదుతూ తొట్టెలోనే తినిపిస్తారు. నత్రజని, భాస్వరాలను తీసివేయడానికి మరికొంత శ్రమ కావాలి. విద్యుచ్ఛక్తికి ఖర్చవుతుంది, నిజమే. కాని ఆ ఖర్చు మిగుల్చుకొంటే అది మత్స్యకారుడి పద్దులో పడుతుంది.

స్నానానికి తగిన తీరపు నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆమ్లజని ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. దీనిని కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది. పాఠశాల ప్రయోగశాలకు అందుబాటులోనిదే. పెద్ద అంబర్‌పేట్ వలె సముద్రానికి దూరమైన ఊళ్ళలో చెరువు నీటితో చేయవచ్చును. సూర్యోదయానికి ముందు, గాలిబుడగ లేకుండా సీసా నింపాలి. ఉపాధ్యాయుడే దగ్గరుండి అందులో మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన పొటాషియం అయొడైడు ద్రావణాలు వేయాలి. గోధుమరంగు అవక్షేపం ఏర్పడితే ఆమ్లజని ఉన్నట్లు. తెల్లనిది దిగితే ఆ నీటిలో చేపకు ఊపిరి లేదు.