కారణాంకములు: ఇంట్లో చెప్పదగిన లెక్క

మన పిల్లల్లో చాలామంది హైస్కూల్లో చదివేది తమిళంలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో, కాకుంటే ఇంగ్లీషులోనో. ఇంట్లో మాట తెలుగు. అందుచేత బీజగణితం పుస్తకం తెరిచేసరికి "మాకు రాదు, ట్యూషన్ మేష్టారినడుగు" అని పెద్దలు తప్పుకొంటారు. నిజానికి మనల్ని బెదరగొట్టేది లెక్క కాదు, దాని పేరు. మనం కారణాంకమనే దానిని తమిళులు కారణి అంటారు. కన్నడిగులు అపవర్తన అంటారు. మరాఠీవారు అవయవ అంటారు. పని ఒక్కటే. గుణించగా వచ్చిన రాశిని చూచి, వేటిని గుణిస్తే అది వచ్చిందో కనుక్కోవడం.

తెలియని రాశిని 'య' అందాం. మన పూర్వులు కూడా 'యావత్తావత్' అని పేరు పెట్టి, 'యా' అని పొడిగా వ్రాసుకొనేవారు. ఇప్పుడు య² + 7య + 12 తీసుకోండి. గుణిస్తే 12, కూడితే 7 కావలసిన అంకెలేవి? 2, 6 కూడితే 8, పనికిరాదు. 3, 4 కూడితే 7. కనుక జవాబు (య + 3)(య + 4). ఎందుకంటారా? గచ్చుమీద సుద్దతో పొడవు య + 4, వెడల్పు య + 3 గల గడి గీసి నాలుగు భాగాలు చేయండి. వాటి వైశాల్యాలు య², 4య, 3య, 12. అన్నీ కలిపితే మన లెక్కే గదా!

య² ముందు అంకె ఉంటే పిల్లలు తడబడతారు. 6య² + 11య + 3 చూడండి. మొదటి 6ను చివరి 3తో గుణిస్తే 18. గుణిస్తే 18, కూడితే 11 అయ్యేవి 9, 2. నడిమి పదాన్ని అలా విడదీస్తే 6య² + 9య + 2య + 3. ఇది 3య(2య + 3) + 1(2య + 3). అనగా (2య + 3)(3య + 1). ఆ 1 వ్రాయడం మరిస్తే లెక్కంతా పోతుంది.

సరిచూచుకోవడం సులువు. య బదులు 1 పెట్టండి. అటు 6 + 11 + 3 = 20; ఇటు 5 × 4 = 20. సరిపడకపోతే తప్పున్నట్టే. సరిపడినా ఇంకొక అంకెతో కూడా చూడడం మంచిది. అన్నీ ఇలా విడివడవు సుమండీ. య² + 5య + 3లో చివరి 3కు 1, 3 తప్ప వేరు జంట లేదు. వాటి మొత్తం 4. పూర్ణాంకాలతో అది తెగదు. ఆ సంగతి తెలియక పిల్లవాడు గంటసేపు కుస్తీ పట్టవచ్చు.

తొమ్మిదవ శతాబ్దిలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఒక భాషలోని లెక్కను మరొక భాషలో చెప్పుకోవడం మనకు కొత్త కాదన్నమాట. రోజూ పది నిమిషాలు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, బడిలో నేర్చిన లెక్కను తెలుగులో చెప్పమనండి. బడిమాటలు అలాగే ఉండనీయండి. లెక్కా గట్టిపడుతుంది, ఇంటిభాషా నిలుస్తుంది.