పాత రేకులు దింపిస్తున్నారా?

వానలు పడకముందే ఇంటిమీది పాత సిమెంటు రేకులు తీయించి కొత్తవి వేయించాలనుకుంటున్నారా? అయితే మేస్త్రీతో కూలి మాట్లాడేనాడే, చెత్త తరలించే ట్రాక్టరును కూడా కిరాయికి మాట్లాడుకోండి. ఆ చెత్త మామూలు చెత్త కాదు.

సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలిసి ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం భయం తక్కువ. పగలగొట్టినా, కోసినా కంటికి కనిపించని పోగులు గాలిలోకి లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో చేరి, చాలావరకు అక్కడే ఉండిపోతాయి. 20, 30 ఏళ్ళ తర్వాత ఆయాసంగానో, కాన్సరుగానో బయటపడవచ్చు. పొగతాగేవారికి ముప్పు మరీ ఎక్కువ.

కనుక రేకులను పైనుంచి విసరనివ్వకండి. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పించి, మెల్లగా దింపించండి. ముక్కలను తడిగా ఉండగానే మందపాటి పాలిథిన్‌లో మూటకట్టించండి. పొడి చీపురుతో ఊడవక, తడిగుడ్డతో తుడవండి. రుమాలు ఈ పోగులను ఆపలేదు. పనివాళ్ళకు సన్నని ధూళిని ఆపే మాస్కులు ఇప్పించండి. ఆ రోజు పిల్లలను బంధువుల ఇంటికి పంపండి. దుమ్ముపడిన బట్టలను విడిగా ఉతకండి.

ట్రాక్టరు మీద టార్పాలిన్ కప్పించండి. ఎక్కడ దింపాలో ముందే మునిసిపాలిటీలో అడగండి. చెరువుగట్టునో, ఖాళీ స్థలంలోనో పోయిస్తే, అక్కడ ఆడుకునే పిల్లలు పీల్చేది ఆ దుమ్మే!