గుండెకు వంద కోట్ల కణాలు

పెద్ద గుండెపోటు వస్తే దాదాపు వంద కోట్ల గుండె కండర కణాలు చచ్చిపోవచ్చు. వాటి చోట మచ్చ మిగులుతుంది, గుండె బలం తగ్గుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనైనా, అమెరికాలోనైనా డాక్టర్లు మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవగలరు, మిగిలిన కండరాన్ని కాపాడగలరు. పోయిన కండరాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేరు. మరి ఆ కణాలను బయట పెంచి ఇవ్వొచ్చా?

పుట్టించడం తెలిసింది. 1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ మానవ పిండం నుంచి, 2007లో క్యోటోలో షిన్యా యమనాకా బృందం చర్మకణాల నుంచి, శరీరంలో ఏ కణంగానైనా మారగల మూలకణాలను తీశారు. ప్లూరిపోటెంట్ మూలకణాలంటే ఇవే. తగిన రసాయనాలు వరసగా అందిస్తే గుండెకణాలవుతాయి, ఇన్సులిన్ ఇచ్చే బీటా కణాలూ అవుతాయి. చిక్కంతా లెక్కలో ఉంది. పది సెంటీమీటర్ల పెట్రి డిష్‌లో అడుగుకు అంటుకుని పెరిగితే వచ్చేది సుమారు కోటి కణాలు. ఒక్క రోగికే వంద డిష్‌లు, నష్టాలు కలిపితే ఇంకా చాలా కావాలి.

బయట పెంచిన మూలకణాలతో వైద్యం కంట్లో త్వరగా ఫలించడానికి ఈ లెక్క కూడా ఒక కారణమని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, రసాయనాలు పడి చూపు పోయినవారికి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను పెంచి అమర్చడం 2001లోనే మొదలుపెట్టింది. అవి ప్లూరిపోటెంట్ కావు, కంటికి పరిమితమైనవి. చిన్న పొర చాలు కాబట్టి డిష్ సరిపోయింది. గుండెకు సరిపోదు.

అందుకే కణాలను డిష్ నుంచి తొట్టెలోకి, పోషక ద్రవంలో తేలుతూ పెరిగేలా మార్చాల్సి వచ్చింది. దీన్నే సస్పెన్షన్ కల్చర్ అంటారు. తొట్టెలు తెలుగునేలకు కొత్త కాదు. డాక్టర్ రెడ్డీస్ 2007లో విడుదల చేసిన క్యాన్సర్ మందు రెడిటక్స్, చైనా హామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయ కణాల నుంచి వచ్చేదే. ఆ కణాలు విడివిడిగా తేలుతూ పెరగడానికి అలవాటు పడ్డాయి. పైగా అక్కడ మందు కణం విడుదల చేసే ప్రొటీన్; అది చేతికొచ్చాక కణాన్ని పారేస్తారు. ఇక్కడ కణమే మందు.

కానీ మానవ ప్లూరిపోటెంట్ మూలకణాన్ని తోటి కణాల నుంచి విడదీస్తే చాలు, దాని లోపలి మయోసిన్ పోగులు విపరీతంగా బిగుసుకుని, పొర బుడగలు బుడగలుగా ఉబ్బి చచ్చిపోతుంది. 2007లో జపాన్‌లోని కోబెలో యోషికి ససాయ్ బృందం వై-27632 అనే రసాయనంతో ఈ చావును ఆపవచ్చని చూపింది. అది రాక్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది, బిగువు సడలుతుంది. ఒక్క రోజు అలా కాపాడితే కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. ఆ తర్వాత రసాయనం తీసేయవచ్చు.

అప్పటి నుంచి ఉండ పరిమాణమే ప్రాణం. సన్న ఇసుక రేణువంత, అంటే మిల్లీమీటరులో పావు వంతు దాకా ఉంటే మంచిది. అంతకు బాగా మించితే ఆక్సిజన్ నడిమధ్యకు చేరదు; లోపలి కణాలు చావడమో, మూలకణ స్వభావం వదిలి వేరేదిగా మారడమో జరుగుతుంది. తొట్టెలో ద్రవాన్ని కలిపే రెక్కను నెమ్మదిగా తిప్పితే ఉండలు అతుక్కుని పెద్దవవుతాయి, వేగంగా తిప్పితే కణాలు దెబ్బతింటాయి. మూడు నాలుగు రోజులకోసారి ఉండలను ఎంజైముతో విడగొట్టి మళ్లీ మొదలుపెట్టాలి. ఈలోగా పేరుకునే లాక్టిక్ ఆమ్లం ద్రవాన్ని ఆమ్లయుతం చేస్తుంది. పాత ద్రవం తీస్తూ కొత్తది ఎడతెగకుండా అందిస్తూ జర్మనీలోని హానోవర్ బృందం 2021లో మిల్లీలీటరుకు 3.5 కోట్ల కణాల దాకా పెంచింది. 150 మిల్లీలీటర్ల పాత్రలో, వారంలో, 500 కోట్లకు పైగా!

మధుమేహంలో రోగికి మేలు కూడా కనబడుతోంది. తన ఇద్దరు పిల్లలకూ టైప్-1 మధుమేహం ఉన్న హార్వర్డ్ శాస్త్రవేత్త డగ్లస్ మెల్టన్, 2014లో రెక్క తిరిగే ఫ్లాస్కుల్లోనే కోట్ల బీటా కణాలు తయారుచేశారు. ఆ దారిలో వెర్టెక్స్ కంపెనీ రూపొందించిన చికిత్సలో ఒక్కో రోగికి 80 కోట్ల కణాలు ఎక్కించారు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం లేకపోయింది. అయితే వాళ్లు రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. ఇది ట్రయల్‌లో వచ్చిన ఫలితం. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన ట్రయల్స్‌లోనే జరగాలి. ట్రయల్ పేరుతో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మధుమేహానికి, మోకాళ్లకు మూలకణాలంటూ బోర్డు పెట్టి లక్షలు అడిగేచోటికి దయచేసి వెళ్లకండి.

150 మిల్లీలీటర్లలో సాధించింది 50 లీటర్లలో సాధించడం ఇక మిగిలిన పని. నిమిషానికి అన్నే చుట్లు తిప్పితే పెద్ద తొట్టెలో రెక్క కొస మరింత జోరుగా కదిలి కణాలను గాయపరుస్తుంది. కొస వేగం సమానంగా ఉంచితే లీటరుకు అందే శక్తి తగ్గి ఉండలు అడుగుకు దిగుతాయి. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టిన వరంగల్ నిట్‌లో కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు చదివే పాఠమే ఇది. కాకతీయ మెడికల్ కాలేజీ, నిట్ ఉన్నది ఒకే ఊళ్లో. ఒకరికి కణం తెలుసు, మరొకరికి తొట్టె తెలుసు. ఈ పనికి ఇద్దరూ కావాలి.