దేహానికి దిక్కులు

శరీరంలో ఏ భాగం ఎక్కడుందో చెప్పాలంటే ముందు ఆ శరీరం ఎలా ఉందో తేలాలి. చేయి దించితే మణికట్టు మోచేతికి కింద ఉంటుంది, ఎత్తితే పైకి పోతుంది. అందుకే శరీర నిర్మాణ శాస్త్రం ఒకే భంగిమను ప్రమాణంగా పెట్టుకుంది. మనిషి నిటారుగా నిలబడాలి. ముఖం, అరచేతులు, కాలివేళ్లు ముందుకు తిరిగి ఉండాలి. చేతులు పక్కల వేలాడాలి. రోగి బోర్లా పడుకున్నా, వెల్లకిలా ఉన్నా వర్ణన మాత్రం ఈ భంగిమను బట్టే సాగుతుంది.

అరచేతులు ముందుకే ఎందుకుండాలన్న దానికి ముంజేతిలోనే జవాబుంది. అక్కడి రెండు ఎముకల్లో రత్ని బొటనవేలి వైపు, అరత్ని చిటికెన వేలి వైపు ఉంటాయి. అరచేయి ముందుకుంటే రెండూ పక్కపక్కనే నిలుస్తాయి. వెనక్కి తిప్పితే రత్ని అరత్ని మీదుగా ఏటవాలుగా దాటిపోతుంది. అప్పుడు మణికట్టు దగ్గర ఏది లోపలి వైపో, ఏది బయటి వైపో తారుమారవుతుంది.

భంగిమ స్థిరపడ్డాక దిక్కులు సులువే. ముందు వైపు పూర్వ, వెనక వైపు పర, పైన ఊర్ధ్వ, కింద అధో. శరీరాన్ని నిలువునా సగం చేసే మధ్యరేఖకు దగ్గరైతే మధ్యస్థం, దూరమైతే పార్శ్వం. అయితే ఇవన్నీ సాపేక్షాలు. గుండె రొమ్ము ఎముకకు వెనక, వెన్నెముకకు ముందు, ఊపిరితిత్తులకు మధ్యస్థంగా, ఉదరవితానానికి పైన ఉంటుంది. దేనితో పోలుస్తున్నామో చెప్పకపోతే దిక్కు చెప్పినా ప్రయోజనం లేదు. కాళ్లు, చేతుల విషయంలో మొండేనికి దగ్గరా దూరమా అన్నదే కొలత: మోకాలు మడమ కన్నా సమీపం, వేళ్లు దూరం.

నాలుగు కాళ్ల జంతువుల దగ్గర జాగ్రత్త అవసరం. వాటికి ముందు అంటే తల వైపు. మనిషికి ముందు అంటే ఛాతీ, పొట్ట వైపు.

లోపలి భాగాలు చూడటానికి శరీరాన్ని మూడు తలాల్లో కోసినట్టు ఊహిస్తారు. ఒకటి కుడి ఎడమలుగా, రెండోది ముందు వెనకలుగా, మూడోది అడ్డంగా పైకీ కిందికీ విడదీస్తాయి. సీటీ స్కాన్‌లో సాధారణంగా కనిపించేవి అడ్డకోతలే. వాటిని రోగి పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు అమరుస్తారు. అందుకే కుడి పక్కనుండే కాలేయం తెరపై ఎడమ వైపున కనబడుతుంది.

కుడి ఎడమలు ఎప్పుడూ రోగివే, చూసేవారివి కావు. ఇక్కడ పొరబడితే మంచి మూత్రపిండానికే కత్తి తగిలే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితా ప్రకారం, మత్తు ఇవ్వకముందే కోయాల్సిన చోట గుర్తు పెట్టారో లేదో సరిచూడాలి. కోత పెట్టేముందు ఆ చోటును బృందమంతా మరోసారి పైకి చెప్పి నిర్ధారించుకోవాలి.