సంతకం పెట్టి మర్చిపోవచ్చు: హ్యాష్‌లతో కట్టిన ‘స్టేట్‌లెస్’ సంతకాల కథ

మీసేవలోనో సచివాలయంలోనో పొలం 1-బి తీయిస్తే, దాని మీద తహసీల్దారు గారి డిజిటల్ సంతకం ఉంటుంది. మన దేశంలో ఇలాంటి సంతకాలకు బాగా వాడేది ఆర్ఎస్ఏ 2048. ఒక పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీదే దాని బలమంతా. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే ఆ నమ్మకం గల్లంతే.

కంగారు పడకండి, రేపే కాదు. 2025 మేలో అమరావతి క్వాంటమ్ వ్యాలీకి ప్రకటించిన ఐబీఎం మెషీన్‌ది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. అదే నెలలో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ ఒక లెక్క వేశారు. ఆర్ఎస్ఏ 2048ని వారం లోపు విరగ్గొట్టడానికి పది లక్షల లోపు క్యూబిట్లు చాలట. 156కీ దానికీ చాలా దూరం. కానీ మూడేళ్లకోసారి మార్చేయడానికి పొలం కాగితం ఫోన్ కాదు కదా, తాత నుంచి మనవడి దాకా నడుస్తుంది. ఈలోగా ఎవడైనా కీ పగలగొడితే, 2018 తేదీతో దొంగ 1-బి పుట్టించగలడు. ఆఫీసు రికార్డుతో సరిచూస్తే దొరికిపోతాడు. ఒట్టి పీడీఎఫ్ చూసి నమ్మేవాళ్ల సంగతేంటి?

నాకు హ్యాష్ సంతకాలు నచ్చేది ఇక్కడే. వీటికి కొత్త గణితం అక్కర్లేదు. షా-256 లాంటి హ్యాష్‌ని వెనక్కి తిప్పలేకపోతే చాలు. క్వాంటం కంప్యూటర్ దాన్ని కొంత బలహీనపరుస్తుంది గానీ కూల్చలేదు.

ఐడియా 1979లో లెస్లీ లాంపోర్ట్‌ది. మెసేజ్ హ్యాష్‌లో 256 బిట్లుంటాయి. ఒక్కో బిట్‌కి రెండేసి రహస్య సంఖ్యలు, ఒకటి సున్నాకి, ఒకటి ఒకటికి. మొత్తం 512 సంఖ్యల హ్యాష్‌లనీ ముందే బయటపెడతాం, అదే పబ్లిక్ కీ. సంతకం చేయడమంటే ప్రతి బిట్‌కీ తగిన రహస్యాన్ని విప్పి చూపడమే. ఎవరైనా హ్యాష్ చేసి సరిచూసుకోవచ్చు. అయితే ఒక కీ ఒక్కసారికే. అదే కీతో రెండో మెసేజ్‌పై సంతకం చేస్తే, దాదాపు సగం బిట్లకి రెండు రహస్యాలూ బయటపడిపోతాయి. దొంగకి పండగే.

దీనికి రాల్ఫ్ మెర్కిల్ చెట్టు మందు. ఇలాంటి కీలు వేలకొద్దీ తయారుచేసి, జంటలు జంటలుగా హ్యాష్ చేస్తూ పైకెళ్లి, ఒక్క వేరుని మాత్రం ప్రకటిస్తాం. ఎక్స్ఎంఎస్ఎస్, ఎల్ఎంఎస్ అనే పద్ధతులు ఇలాంటివే. చిక్కల్లా లెక్క గుర్తుపెట్టుకోవడంలో ఉంది: ఏ కీ వాడేశాం, తర్వాతది ఏది? ఈ లెక్కే ‘స్టేట్’. పాత బ్యాకప్ రీస్టోర్ చేసినా, సర్వర్‌ని క్లోన్ చేసినా కౌంటర్ వెనక్కి పోతుంది. వాడిన కీ మళ్లీ వాడతాం, ఎవరికీ తెలీదు కూడా. ఫోన్ బ్యాకప్‌లతో బతికే మనకి ఇదెంత సులువో వేరే చెప్పాలా?

స్టేట్‌లెస్ పద్ధతి ఆ లెక్కే లేకుండా చేస్తుంది. 2015లో స్ఫింక్స్ వచ్చింది, సంతకం 41 కేబీ! దాన్ని చిక్కగొట్టిన స్ఫింక్స్ ప్లస్‌ని అమెరికా సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న ఎస్ఎల్‌హెచ్-డీఎస్ఏ పేరుతో ప్రమాణం చేసింది, నంబరు ఫిప్స్ 205.

మన డెల్టా కాలువల్ని ఊహించుకోండి. ధవళేశ్వరం దగ్గర మొదలైన ప్రధాన కాలువ బ్రాంచీలై, పిల్ల కాలువలై, చివరికి పొలం బోదె అవుతుంది. ఇక్కడా అంతే, చెట్ల కింద చెట్లు, 128ఎస్ రకంలో ఏడు అంతస్తులు. పై చెట్టు కింది చెట్టు వేరుపై సంతకం చేస్తుంది. చిట్టచివర 2 టు ది పవర్ 63 బోదెలు. మెసేజ్ హ్యాష్‌ని బట్టే ఏ బోదె అన్నది తేలుతుంది, కాబట్టి కౌంటర్ అక్కర్లేదు. ఇన్నింటిలో ఒకే బోదె రెండుసార్లు తగలడం అరుదు. తగిలినా ఫర్వాలేదు, అక్కడున్నది కొన్నిసార్లు వాడినా తట్టుకునే ఫోర్స్ అనే కీ. పై అంతస్తుల ఒక్కసారి కీలు మాత్రం ఎప్పుడూ అదే కింది వేరుపై అదే సంతకం చేస్తాయి, కొత్త రహస్యమేదీ బయటికి రాదు. చెట్టంతా దాచుకోనక్కర్లేదు కూడా, చిన్న సీడ్ నుంచి కావలసిన కొమ్మని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. నాకైతే మొత్తం డిజైన్‌లో తెలివంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఖరీదు సైజులో కట్టాలి. పబ్లిక్ కీ 32 బైట్లే గానీ, 128ఎస్ సంతకం 7,856 బైట్లు, పైగా సంతకం చేయడం నెమ్మది. త్వరగా చేసే 128ఎఫ్‌లో అయితే 17,088. ఆర్ఎస్ఏ 2048కి 256 చాలు. నిమిషానికి వేల సంతకాలు పడే చోట నేనైతే దీన్ని వాడను, దానికి 2,420 బైట్ల ఎంఎల్-డీఎస్ఏ ఉంది. ఫోన్ అప్‌డేట్ వేరు. కంపెనీ ఒక్కసారి సంతకం చేస్తుంది, గిగాబైట్ల ఫైల్‌లో ఎనిమిది కేబీ ఎవరు లెక్కపెడతారు? పొలం పీడీఎఫ్‌కీ ఇదే సరైనదని నా ఓటు.

అసలు ఇబ్బంది ప్రింటు తీసినప్పుడు. ఆధార్ సెక్యూర్ క్యూఆర్‌లో సంతకం 256 బైట్లే కాబట్టి ఫొటోకీ చోటు దొరికింది. అతిపెద్ద క్యూఆర్‌లో పట్టేదే 2,953 బైట్లు. ఎస్ఎల్‌హెచ్-డీఎస్ఏ సంతకం ఒక్కదానికే అలాంటివి మూడు కావాలి. లేదా క్యూఆర్‌లో లింకు పెట్టి సంతకం సర్వర్‌లో ఉంచాలి, అప్పుడు గోదావరి మధ్య లంకలో నిలబడి స్కాన్ చేసేవాడికి ముందు సిగ్నల్ దొరకాలి.