నిద్రను వెంటాడితే రాదు

శావల్యాపురం చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే ఇళ్ళలో అప్పు, ధర, వాన మనల్ని రాత్రంతా పక్క మీద దొర్లిస్తాయి. ఒకటి రెండు రాత్రులైతే ఫరవాలేదు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగితే అది నిద్రలేమి జబ్బే.

అప్పుడు మనం చేసే పొరపాటు ఒకటుంది. పోయిన నిద్రను పూడ్చుకోవాలని పెందలాడే పడుకుంటాం, ఫజర్ తర్వాత పొద్దెక్కేదాకా మళ్ళీ ముసుగు తన్నుతాం. దాంతో మరుసటి రాత్రి నిద్ర ఇంకా పలచబడుతుంది. ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మారకూడదు. ఫజర్‌కు లేచే ఇంట్లో ఈ పని సగం అయినట్టే. ఇషా తర్వాత ముచ్చట్లను ప్రవక్త (స) ఇష్టపడేవారు కారని హదీసు చెబుతోంది. మనమేమో అప్పుడే సెల్‌ఫోను తీస్తాం.

కునుకు రాకపోతే పక్క మీద పెనుగులాడకుండా లేచి మరోచోట కూర్చోవాలి, కళ్ళు మూతలు పడ్డాకే తిరిగి రావాలి. పగటి ఖైలూలా అరగంట చాలు. టీలోని కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కనుక అసర్ తర్వాత టీ వద్దు (ఇది మాకూ కష్టమే).

చీటీ లేకుండా అల్‌ప్రజోలామ్ మాత్రలు తెచ్చుకోవద్దు. అవి అలవాటవుతాయి, ఒక్కసారిగా మానినా ప్రమాదమే. గురకలో ఊపిరి ఆగినట్టయ్యేవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.